ధ్యానప్రార్థన: తెరేసమ్మ తోటకు నాలుగు నీళ్ళు

ప్రార్థన యనగా భగవంతునితో మాటలాడుట యని మనము చిన్ననాటినుండి వినుచున్నాము. మాటలాడుట యన్నచో ఒకరు పలుకుటయు, వేరొకరు విని బదులు చెప్పుటయు ఉండవలెను గదా! కాని ప్రార్థనకు కూర్చున్నవారిలో పెక్కుమందికి కలుగు అనుభవము వేరు. పెదవులు కదలుచునే యుండును. మనస్సు అంగడికో, పొలమునకో, ఇంట మిగిలిపోయిన పనికో పోయి తిరుగుచుండును. పలికిన మాటకు బదులు వచ్చినట్లు తోచదు. కొంతకాలము ఇట్లు గడచిన పిమ్మట, "ఇది మావంటివారికి చేతనగు పని కాదు" అని మెల్లగా లేచిపోవుదురు. అట్లు లేచిపోవుట అశక్తతయా, లేక తన కొద్దితనము తా నెరిగిన వినయమా?

ఈ ప్రశ్నకు క్రైస్తవ సంప్రదాయమున మిక్కిలి స్పష్టముగా సమాధానము చెప్పినవారిలో 16వ శతాబ్దిలో స్పెయిను దేశమున జీవించిన మఠకన్య ఆవిలాపురి తెరేసమ్మ ఒకతె. ఆమె మాటకు విలువ కలుగుటకు ముఖ్యకారణ మొకటి యున్నది: ఆమెయు ఒకప్పుడు అట్లే ప్రార్థన విడిచి లేచిపోయినది.

ఆమె కథకు పోవుటకు ముందు కొన్ని మాటల అర్థము తెలిసికొందము. క్రైస్తవ సన్న్యాసులు ప్రార్థనను అనాదిగా కొన్ని మెట్లుగా విభజించి చెప్పుచు వచ్చిరి. 12వ శతాబ్దిలో ఫ్రాన్సు దేశమున కార్తూసియను మఠాధిపతిగా నుండిన రెండవ గీగో అనునతడు ఆ మెట్లు నాలుగని వివరించెను. మొదటిది పఠనము: పవిత్ర గ్రంథమును చదువుట. రెండవది మననము: చదివిన దానిని బుద్ధితో నమలి అర్థము చేసికొనుట. మూడవది ప్రార్థన: అర్థమైనది తనకు కావలెనని హృదయము దేవుని వేడుకొనుట. నాలుగవదానికి లాటిను భాషలో కంటెంప్లాసియో అని పేరు. తదేకముగా చూచుట యని దాని అర్థము. దీనినే మనము ఇచ్చట ధ్యానప్రార్థన యనుచున్నాము. మననమునందు బుద్ధి ఒక తలపునుండి మరియొక తలపునకు నడచును. ధ్యానమునందు నడక ఆగిపోవును. ప్రేమతో చూచుట మాత్రమే మిగులును. చిరకాలము కలిసి బ్రతికిన ఇద్దరు మాటలు లేకయే యొకరిచెంత నొకరు కూర్చుండుట వంటి దిది.

మొదటి మూడు మెట్లును మానవ ప్రయత్నముచేత ఎక్కదగినవి. నాలుగవది ప్రయత్నముచేత లభించునది కాదనియు, దేవుడు దయతో ఇచ్చు వరమనియు ఈ సంప్రదాయమువారు ఏకకంఠముగా చెప్పుదురు. అట్లయినచో ఒక చిక్కు ఏర్పడును. ఇచ్చువాడు దేవుడే యైనపుడు మనము చేయవలసిన దేమి? ఏమియు చేయనక్కరలేదా? ఎంత చేసినను ఫలము కనిపింపనపుడు చేయుట మానవచ్చునా? తెరేసమ్మ జీవితమంతయు ఈ చిక్కుతోనే పెనగులాడినది.

ఆమె 1515వ సంవత్సరము మార్చి 28వ తేదీన కాస్టీలు రాజ్యమున జన్మించెను. ఆవిలా పట్టణము సముద్రమట్టమునకు 1,100 మీటర్లకు పైగా ఎత్తున నున్నది. చలి మెండు, వాన తక్కువ, చుట్టును రాతినేల. ఆమె తండ్రి ధనవంతుడే గాని, ఆయన తండ్రి యూదమతమునుండి క్రైస్తవమతమునకు మారిన కుటుంబమువాడు. 1485లో తొలేదో నగరమున ఇంక్విజిషను అను మతవిచారణ సభ ఆయనకు బహిరంగ ప్రాయశ్చిత్తము విధించినది. ఆ కాలపు స్పెయినులో ఇట్టి వంశమున పుట్టినవారిమీద అనుమానపు నీడ పడుచునే యుండెను. ఈ సంగతిని మనము జ్ఞప్తియం దుంచుకొనవలెను.

1535లో, ఇరువదేండ్ల వయస్సున, ఆమె కర్మెలుసభ వారి కన్యామఠమున చేరెను. కొలదికాలములోనే తీవ్రమైన వ్యాధి పట్టుకొనెను. చికిత్సకై పోవుచు త్రోవలో పినతండ్రి యింట ఆగగా, ఆయన ఆమె చేతికి ఒక పుస్తక మిచ్చెను. అది ఫ్రాన్సిస్కో దె ఓసునా అను సన్న్యాసి రచించి, 1527లో ప్రకటించిన మూడవ ఆధ్యాత్మిక వర్ణమాల. నలుదిక్కుల చెదరిపోయిన మనస్సును లోపలికి కూడదీసికొనుట ఎట్లో ఆ గ్రంథము నేర్పును. గురువు దొరకని ఆ యువతికి ఆ పుస్తకమే గురువైనది.

చికిత్స వ్యాధిని తగ్గించుటకు మారు పెంచినది. 1539లో ఆమె నాలుగు దినములకు దగ్గరగా స్పృహలేక పడియుండెను. మరణించినదని తలచి మఠమున గోతిని సైతము త్రవ్వి యుంచిరి. ఆమె కన్నులు తెరచెను గాని, సుమారు మూడేండ్లపాటు అవయవములు స్వాధీనమున లేకుండెను. ఈ బాధలన్నిటిలోను ప్రార్థన విడువలేదు. ఆరోగ్యము తిరిగి వచ్చి, మఠపు అతిథిశాలలో పరిచితులతో కాలక్షేపపు మాటలు పెరిగిన దినములలోనే విడిచిపెట్టెను.

ఎందుకు విడిచెను? సోమరితనముచేత కాదు. ఇంత తేలికగా లోకపు మాటలలో మునుగు తాను, ఏకాంతమున దేవునితో చెలిమి చేయబోవుట సిగ్గుమాలిన పని యని ఆమెకు తోచినది. అందరివలె పెదవులతో నియమిత ప్రార్థనలు చెప్పుకొనుట చాలు, అంతకు మించినది తనకు తగదు అనుకొనెను. ఒక సంవత్సరమునకు పైగా ఈ స్థితిలో నుండెను. పైకి చూచిన ఇది వినయమే. కాని, తన జీవితమున తన కెదురైన శోధనలన్నిటిలో ఘోరమైనది ఇదియే యని, వినయపు వేషము ధరించి వచ్చినందుననే దీనిని గుర్తింపలేక పోతినని ఆమె తరువాత వ్రాసికొనెను. రోగి తాను రోగి యన్న కారణముచేతనే వైద్యుని ఇంటికి పోనన్నట్లున్న దీ వినయము! 1543లో తండ్రి మరణించెను. ఆయనకు కడపట పాపసంకీర్తనము వినిన గురువు ఆమె పరిస్థితి తెలిసికొని, ప్రార్థనను మరల ఆరంభింపుమని చెప్పెను. ఆమె ఆరంభించెను, మరి యెన్నడును విడువలేదు.

తిరిగి ఆరంభించినంతనే మధురానుభవము కలిగినదా? లేదు. ఇచ్చటనే మనవంటివారికి ధైర్యము కలిగించు సంగతి యున్నది. పెక్కేండ్లు ఆమె ప్రార్థనాగదిలోనికి అడుగిడుటయే ఒక శిక్షగా భావించెను. నియమించుకొన్న గంటసేపు ఎప్పుడు ముగియునా యని గడియారపు గంట మ్రోతకు చెవి యొగ్గి కూర్చుండెడిదానినని దాపరికము లేక చెప్పెను. ఊహాశక్తి ఆమెకు తక్కువ; క్రీస్తు జీవిత ఘట్టములను కన్నులకు గట్టినట్లు మనస్సున చిత్రించుకొనలేకపోయెడిది. అందుచేత చేతిలో పుస్తకము లేనిదే ప్రార్థనకు కూర్చుండలేదు. పెక్కుమారులు దానిని తెరచి యుంచుటయే చాలెడిది, చదువనక్కరయు లేకుండెను. పొలములు, నీరు, పువ్వులు చూచినను ఆమె మనస్సు కుదుటపడెడిది. ఇట్లు సుమారు పదునెనిమిదేండ్లు గడచినవి. 1554లో గాయములతో నున్న క్రీస్తు ప్రతిమ యొకదానిని చూచినపుడు ఆమె హృదయము కరిగి, జీవితము మలుపు తిరిగినది. అప్పటికామె వయస్సు ముప్పది తొమ్మిదేండ్లు.

గురువుల ఆజ్ఞచే ఆమె తన జీవితచరిత్రను వ్రాసి 1565లో ముగించెను. అందు 11వ అధ్యాయమునుండి ప్రార్థనను గూర్చి ఒక ఉపమానమును విస్తరించెను. ఆత్మ ఒక తోట. నేల కలుపుతో నిండియున్నది. దేవుడే కలుపు తీసి మంచి మొక్కలు నాటినాడు. వాటికి నీరు పోసి వాడిపోకుండ కాపాడుట తోటమాలి పని. పూచిన పూల పరిమళము తోట యజమానునకు సంతోషము కలిగింపవలెను. మరి నీరు తెచ్చు విధము లెన్ని? నాలుగని ఆమె చెప్పెను. వాన కొరకు ఆకాశమువంక చూచు దేశమున పుట్టినది గనుక నీటి విలువ ఆమెకు తెలియును. ఏతమెక్కి, మోట తోలి పంట పండించిన మన రైతులకును ఈ ఉపమానము వివరింప నక్కరలేదు.

మొదటి విధము, నూతినుండి చేద వేసి నీరు తోడుట. శ్రమ యెక్కువ, నీరు తక్కువ. ప్రార్థనకు క్రొత్తగా కూర్చున్నవారి స్థితి ఇది. చెదరు ఇంద్రియములను కూర్చుకొనవలెను, గడచిన జీవితమును తలపోయవలెను, క్రీస్తు చరిత్రను మననము చేయవలెను. ఒక్కొక్కసారి నూతిలో నీరే యుండదు. చేద ఖాళీగా పైకి వచ్చును. చేతులు నొచ్చును, మొక్కకు చుక్కయు అందదు.

రెండవ విధము, కుండలు కట్టిన చక్రమును త్రిప్పి నీరు తీయుట. స్పెయినులో అరబ్బుల నాటినుండి వాడుకలో నున్న సాధన మది. శ్రమ తగ్గును, నీరు పెరుగును, నడుమనడుమ తోటమాలికి విశ్రాంతి దొరకును. దీనిని ఆమె ప్రశాంత ప్రార్థన యనెను. ఇచ్చట సంకల్పశక్తి దేవునియందు నిలిచిపోవును. కాని బుద్ధియు జ్ఞాపకశక్తియు ఇంకను ఎగురుచునే యుండును. వాటిని పట్టుకొనుటకు వెంటబడవలదని ఆమె హెచ్చరిక. వెంటబడినచో నిలిచియున్న సంకల్పము సైతము కదలిపోవును. అప్పుడు పెద్ద పెద్ద తర్కములు చేయుట చిన్న నిప్పురవ్వపై దుంగలు పడవేయుట వంటిదనియు, రవ్వ ఆరిపోవుననియు చెప్పెను.

మూడవ విధము, ఏరునుండి గాని వాగునుండి గాని కాలువ త్రిప్పుట. తోటమాలి నీటికి దారి చూపిన చాలును. నేల లోతుగా తడియును. మనశ్శక్తులు నిద్రించినట్లుండును, పూర్తిగా మాత్రము లయింపవు. ఈ స్థితియందున్నవారు లోపల దేవునితో నుండియే బయట దాన ధర్మములు, ఇతరుల పనులు చక్కబెట్టగలరు. సువార్తలోని మార్త పనిచేసినది, మరియ ప్రభువు పాదములకడ కూర్చున్నది. ఇచ్చట ఆ యిద్దరును ఒక్కరే యగుదురు.

నాలుగవది వాన. ఇందు తోటమాలి చేయునది ఏమియు లేదు. యజమానుడే తడుపును. ఇది ఐక్య ప్రార్థన. దీనిని గూర్చి పెద్ద మాటలు చెప్పినవారు లోకమున కలరు గాని, తెరేసమ్మ మిక్కిలి జాగ్రత్తగా మాటలాడెను. ఆ స్థితి ఉండునది కొలదిసేపే. అరగంట యన్నను ఎంతో యెక్కువ. తన కంతసేపు ఎన్నడును నిలిచినట్లు తోచదని చెప్పెను.

ఈ నాలుగు విధములను చూచి, మొదటిది తక్కువ, చివరిది గొప్ప అని మెట్లు లెక్కించుట మనకు సహజము. కాని తెరేసమ్మ అసలు బోధ ఆ లెక్కలో లేదు. నూయి ఎండినపుడు తోటమాలి యేమి చేయవలెనను ప్రశ్నయం దున్నది. ఆమె సమాధాన మిది: చేద వేయుచునే యుండవలెను. తోట తనది కాదు, యజమానునిది. నీరు రాని దినమున గూడ తోటమాలి తోటలో నిలిచియున్నాడా లేదా అన్నదే ఆయన చూచును. నీటి చుక్క లేకయే పూలను బ్రతికింపగల శక్తి ఆయనకు కలదు. ప్రార్థనలో సుఖము కొరకు వచ్చినవాడు సుఖము లేనినాడు పోవును. యజమానుని సంతోషము కొరకు వచ్చినవానికి పోవుటకు కారణ ముండదు. చేద ఖాళీగా వచ్చిన దినములే ఆ రెండింటికి గల భేదమును తేల్చును.

ఇందులో మరియొక మెలకువ కలదు. నీరు కావలెనని తోటమాలి వానను కురిపింపలేడు. ఆలోచనలను బలవంతముగా ఆపివేసి, శూన్యమైన మనస్సుతో కూర్చున్నంతనే ధ్యానము సిద్ధించునని తలచుట పొరపాటని ఆమె స్పష్టముగా చెప్పెను. ఆ కాలపు కొన్ని గ్రంథములు, పైమెట్లకు చేరినవారు శరీరము గల క్రీస్తు తలపును సైతము విడువవలెనని బోధించెను. కొంతకాలము తానును అట్లు చేసి చూచి, అది తన తప్పని ఒప్పుకొనెను. మనము దేవదూతలము కాము, దేహము గలవారము. మనుష్యుడై బాధపడిన క్రీస్తును విడిచి ఎంత ఎత్తునకు పోయినను కాలు నిలువదని ఆమె దృఢాభిప్రాయము. మన దేశపు ధ్యానసంప్రదాయములతో పోల్చి చూచువారు ఈ భేదమును గమనింపవలెను. రెండు చోట్లను మౌన మున్నది; ఇచ్చట ఆ మౌనము ఒక వ్యక్తి యెదుట కూర్చున్న మౌనము.

మననమునుండి ధ్యానమునకు దాటు సమయము వచ్చినదని తెలియుట ఎట్లు? కర్మెలుసభలో ఆమెకు తోడై నిలిచిన పునీత సిలువ యోహాను దీనికి మూడు గుర్తులు చెప్పెను. పూర్వమువలె మననము చేయబోయినను సాగకుండుట మొదటిది. వేరు విషయములయందును మనస్సు పోకుండుట రెండవది. ప్రత్యేకమైన తలపేదియు లేక, దేవుని యెదుట ప్రేమతో ఊరక నుండుటయం దిష్టము కలుగుట మూడవది. మూడును కలిసి యుండవలెను. మొదటిది మాత్రమే యున్నచో అది అలసటయో, వ్యాధియో, అశ్రద్ధయో కావచ్చును. ఈ వివేకము లేనిచో మాంద్యమును మౌనమని భ్రమింతుము.

తెరేసమ్మ ఈ మాటలు చెప్పిన కాలము మంచిది కాదు. లోలోపలి ప్రార్థన పేరిట శ్రీసభ నియమములను త్రోసిరాజన్న కొన్ని బృందములు స్పెయినులో బయలుదేరగా, మతవిచారణ సభ మౌనప్రార్థన యన్నంతనే శంకించుచుండెను. స్త్రీలకది తగదని, నూలు వడకుకొనుచు పెదవులతో జపము చెప్పుకొనుట చాలునని అనువా రుండిరి. 1559లో ప్రధాన విచారకుడు ఫెర్నాందో దె వాల్దేస్ నిషిద్ధగ్రంథముల పట్టికను ప్రకటించెను. దానివలన దేశభాషలో నున్న ప్రార్థనాగ్రంథములు పెక్కు చదువరులకు దూరమైనవి. లాటిను రాని తెరేసమ్మకు అది గొప్ప దెబ్బ. పుస్తకము లేనిదే ప్రార్థనకు కూర్చుండలేని కాలమును గడిపిన ఆమెకు ఆ దుఃఖమెట్టిదో మనము ఊహింపవచ్చును. ఆమె దర్శనములు సైతానుని మాయలని కొందరు గురువులు నిర్ణయించిరి. దర్శనము కలిగినపుడు చేతితో తిరస్కార చిహ్నము చూపవలెనని ఆజ్ఞాపించిరి. ఆమె ఎంతో వేదనతో ఆ ఆజ్ఞను పాలించెను. ఆమె జీవితచరిత్ర వ్రాతప్రతి మతవిచారణ సభవారి చేతికి పోయినది. ఆమె బ్రతికియుండగా అచ్చు కాలేదు. 1582లో ఆమె ఆల్బా దె తోర్మెస్ పట్టణమున మరణించెను. ఆరేండ్లకు, 1588లో, సలమాంకా నగరమున పండితుడు లూయిస్ దె లెయోన్ ఆమె గ్రంథములను ప్రకటించెను.

ఇట్టి కాలమున ఆమె తన మఠకన్యలకు ఏమి బోధించెను? 1562లో ఆవిలాలో పునీత యోసేపు పేర చిన్న మఠమొకటి స్థాపించి, వారికొరకు పరిపూర్ణతా మార్గము అను గ్రంథము వ్రాసెను. పెదవులతో చెప్పు జపమే చాలు ననువారితో ఆమె వాదమునకు దిగలేదు. ఆ జపమునే తీసికొని, "ఎవరితో మాటలాడుచున్నామో ఎరిగి మాటలాడుడు" అన్న భావముతో బోధించెను. ఎవరితోనో ఎరుగక పెదవులు కదల్చుట ప్రార్థన కానే కాదు; ఎరిగి పలికినచో పరలోకజపమే మౌనప్రార్థన యగును. పుస్తకములు తీసికొనిపోగలరు గాని పరలోకజపమును ఎవ్వరును తీసికొనిపోలేరు గదా!

ఆ గ్రంథమునందే ఒక వృద్ధ మఠకన్య కథ కలదు. ఆమెకు మననము చేతకాదు. పరలోకజపమును మెల్లమెల్లగా చెప్పుకొనుట తప్ప మరేమియు రాదు. ఇతరులు ధ్యానమున ముందుకు పోవుచుండగా తాను వెనుకబడితినని దుఃఖించుచు తెరేసమ్మ కడకు వచ్చెను. ఎట్లు ప్రార్థించుచున్నావని అడిగి వినగా తెరేసమ్మకు ఆశ్చర్యము కలిగెను. ఆ యొక్క జపమునందే ఆ వృద్ధురాలు ఐక్యస్థితికి చేరియుండెను. ఆ సంగతి ఆమెకే తెలియదు. ఎండిన నూతికడ నిలిచితినని ఆమె యనుకొనుచుండగా తోటలో వాన కురియుచునే యున్నది.

కావున ధ్యానప్రార్థనకు కొలత అనుభూతి కాదని తేలుచున్నది. మరి కొలత యేది? తోటలోని పూలే. ఓర్పు పెరిగినదా? తనపై తనకు గల భ్రమ తగ్గినదా? తోడివారియెడల ప్రేమ చేతలలో కనబడుచున్నదా? వీటినే చూడుమని ఆమె పదేపదే చెప్పెను. విధేయతచేత వంటపనికి పోవలసి వచ్చినవారు ప్రార్థన పోయినదని విచారింప నక్కరలేదనియు, కుండల నడుమను, గిన్నెల నడుమను ప్రభువు సంచరించుచునే యుండుననియు వ్రాసెను.

1970వ సంవత్సరము సెప్టెంబరు 27వ తేదీన ఆరవ పౌలు పోపుగారు ఆమెను శ్రీసభ పండితురాలిగా ప్రకటించిరి. ఆ బిరుదు పొందిన స్త్రీలలో ఆమెయే మొదటిది. ఒకనాడు ఆమె వ్రాతను అనుమానించిన శ్రీసభయే ఆమెను ప్రార్థనకు గురువుగా అంగీకరించినది.

మనము మొదట వేసికొన్న ప్రశ్నకు తిరిగి వత్తము. చేద ఖాళీగా వచ్చినదని లేచిపోవుట వినయము కాదని, వినయమువలె కనబడు మోసమని ఆమె అనుభవపూర్వకముగా తెలిసికొనెను. నేడు ప్రార్థనకు కూర్చుని గడియారమువంక చూచుచున్నవారు ఎవరైన నున్నచో, వారు ఒంటరివారు కారు. ఆవిలా మఠమున ఒకామె పెక్కేండ్లు అట్లే చూచినది. గంట మ్రోగువరకు లేవకుండ కూర్చుండుటయే ఆనాటి ఆమె ప్రార్థన. మనకును నేటికి అంతియే చేతనైనచో, అంతియే చేయుదము. రేపు మరల చేద వేయుదము.